శాంపిల్ గదిలో పగుళ్లు

"అసలు మీ ఊరికి సంస్కృతి అంటూ ఏమైనా ఉందా?"

హోటల్ కంపెనీలో ప్రాజెక్టులన్నీ చూసే పెద్దాయన ఈ మాట కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. అంగట్లో ఉల్లిపాయలున్నాయా అని అడిగినట్టు అడిగాడు. ఉంటే రెండు కిలోలు తూయమంటాడు, లేదంటే పక్క అంగడికి పోతాడు.

బల్లకి ఇవతల కూర్చున్న ఆమెకి అప్పటికి యాభై దాటాయి. ఇంజినీరింగ్ ఆఫీసులో పటాలకు ట్రేసింగులు తీసే ఉద్యోగంతో మొదలుపెట్టి, పళ్ల డాక్టర్ల వెయిటింగ్ రూములు, బట్టల షాపులు, బ్యాంకు బ్రాంచీలు అలంకరించుకుంటూ పాతికేళ్లు నెట్టుకొచ్చిన మనిషి. భుజానికి ఎప్పుడూ ఒక సంచీ, సంచీలో చెక్కముక్కలు, గుడ్డపీలికలు, రాతిబిళ్లలు. అందుకని తాపీవాళ్లు, వడ్రంగులు, రంగులవాళ్లు ఆమెను శాంపిలక్క అనేవాళ్లు. లగ్జరీ హోటల్ అనే మాట ఆమె బతుకులోకి రావడం అదే మొదలు.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి జవాబు 'లేదు'. ఊళ్లో ఉన్నవి ఒక బస్సు డిపో, నాలుగు గోడౌన్లు, బోలెడన్ని అద్దె ఇళ్లు. ఎవరూ ఏదీ నేసేవాళ్లు కాదు, చెక్కేవాళ్లు కాదు. ఎక్కడో తయారైంది తెచ్చుకుని వాడుకునేవాళ్లే అందరూ. కానీ ఖరీదైన హోటళ్లకి ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. గది అద్దె పెరిగేకొద్దీ గదిలో బీదవాళ్ల సామాను పెరగాలి. గంప ఉండాలి, చివికిన చెక్క ఉండాలి, చేత్తో చేసినట్టు కాస్త వంకర ఉండాలి. పక్కనే ఒక కార్డు ఉండాలి, ఆ వంకరకి ఎన్ని తరాల చరిత్ర ఉందో చెప్పడానికి. దీన్ని స్థానిక సంస్కృతి, హస్తకళల స్ఫూర్తి అంటారు. స్ఫూర్తి దొరకని ఊరికి హోటల్ రాదు, హోటల్ రాకపోతే ఆమెకు పని రాదు.

"ఉంది సర్," అంది. "గోడలు."

"గోడలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి కదమ్మా."

"ఇలాంటివి ఉండవు సర్. సున్నంతో నూరిన గచ్చు గోడలు. చెంప ఆనిస్తే చల్లగా, గాజులా ఉంటాయి. మా పాత పోస్టాఫీసులో ఇప్పటికీ ఉన్నాయి."

పెద్దాయన పక్కన ఒక కళ్లజోడు కుర్రాడు కూర్చున్నాడు. హోటల్‌కి 'కాన్సెప్టు' చెప్పడం అతని ఉద్యోగం. అతను తలెత్తి, "నైస్," అన్నాడు.

"ఒక గది చేసి చూపించండి," అన్నాడు పెద్దాయన. "మీ ఖర్చుతో. నచ్చితే మూడంతస్తులూ మీవే."

"నచ్చకపోతే సర్?"

"థాంక్స్ చెప్తాం."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, ఇల్లు తాకట్టు పెట్టాలని మొగుడికి చెప్పింది. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. ఊళ్లో చావుల మీద, ప్రమాదాల మీద బతికే మనిషి కనక జోకులు వేయకుండా ఉండలేడు. "పోనీలే, ఇన్నేళ్లుగా దానికి సున్నాలూ రంగులూ మనమే వేస్తున్నాం. ఒక్కసారి అది మనకేదైనా చెయ్యనీ," అని సంతకం పెట్టేశాడు.

ఆయన సంగతి సరే. అత్తగారి సంగతే ఆమెను పీకింది. ముసలావిడకి చూపు పోయి చాలాకాలమైంది. కానీ ఆ ఇంట్లో ఆవిడకి కళ్లతో పనిలేదు. వంటింట్లోంచి కుళాయి దగ్గరికి, కుళాయి దగ్గర్నుంచి వీధి గేటుకి, గోడ మీద అరచెయ్యి ఆనించి గబగబా నడిచేస్తుంది. చెయ్యి తగిలి తగిలి గోడ పొడుగునా నడుమెత్తున నల్లటి చార పడింది. రంగులు వేసిన ప్రతిసారీ అది పోతుంది, ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఆ ఇంటి బయట ఆవిడ గుడ్డిది, లోపల ఇంటికి పెద్ద. ఇల్లు పోవడమంటే పైకప్పు పోవడం కాదు, ఆ ముసలిదాని కాళ్లు పోవడం. శాంపిలక్కకి ఈ విషయం సంతకానికి ముందే తెలుసు. తెలిసే పెట్టించింది.

"నా గోడలు తాకట్టు పెట్టి ఎవరి గోడలు కడతావే?" అంది అత్తగారు, పక్కగదిలోంచి.

"హోటలు గోడలు అత్తయ్యా."

"వాళ్లకి కళ్లున్నాయిగా. ఎలాంటివైతేనేం?"

గచ్చు పని తెలిసిన మేస్త్రిని వెతికి పట్టుకోవడానికే చెప్పులరిగాయి. చివరికి దొరికినతను నలభై ఐదేళ్ల బక్కపలచటి మనిషి, మామూలు రోజుల్లో సిమెంటు పనే చేసుకుంటున్నాడు. కాన్సెప్టు కుర్రాడు ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని వచ్చి, "మీ వంశంలో ఈ కళ ఎన్ని తరాలుగా ఉంది?" అని అడిగాడు.

"మా నాన్న సినిమా హాల్లో టిక్కెట్లు చింపేవాడు బాబూ," అన్నాడు మేస్త్రి. "తాత సంగతి తెలీదు. చెప్పుకునేంత గొప్పోడైతే చెప్పేవాళ్లే కదా."

కుర్రాడు రికార్డింగ్ ఆపేశాడు. ఆ రోజు నుంచి మేస్త్రి అతన్ని కాన్సెప్టు బాబు అనడం మొదలుపెట్టాడు. పాత కోర్టు భవనం రిపేరు చేసినప్పుడు అక్కడి ముసలి తాపీవాడి దగ్గర, కణుపుల మీద కర్రదెబ్బలు తింటూ నేర్చుకున్న పని అది. తరాలూ లేవు, గిరాలూ లేవు. పని మాత్రం వచ్చు.

పనేమిటంటే, సున్నాన్ని నానబెట్టి మాగబెడతారు. ముతక పూత మీద సన్నపు పూత, దాని మీద వెన్నలా నూరిన ఆఖరి పూత. ఆ ఆఖరి పూత తడి ఆరకముందే నున్నటి గులకరాయితో రుద్దాలి. గోడ ఈ చివర మొదలుపెడితే ఆ చివరిదాకా ఆపడానికి లేదు. ఆపితే ఆపినచోట గీత పడి జన్మంతా కనిపిస్తుంది. తరవాత తడి గోనెపట్టాలు వేలాడదీసి, తలుపులు మూసి, మెల్లగా ఆరనివ్వాలి. సున్నం గాలిని కొంచెం కొంచెంగా తాగి గట్టిపడుతుంది. తొందరపెడితే అలుగుతుంది.

ఊళ్లో లేస్తున్న హోటల్ భవనంలో శాంపిల్ గది అలా తయారైంది. కిటికీకి చెక్క జాలీ, నేలమీద మోటు రాయి, మంచం తల వెనక గోడంతా గచ్చు. తడి పట్టాలు తీసిననాడు ఆ గోడ ఎంత బాగుందంటే, మేస్త్రి దాని ముందు నిలబడి జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఇంకో రెండు వారాలు దాన్ని కదిలించకుండా వదిలేయాలి. ఇంతలో పెద్దాయన రావాల్సిన తేదీ ముందుకు జరిగింది, రేపే అన్నారు. ఫరవాలేదు, చూసి వెళ్లిపోతారు కదా అనుకుంది. ఇంటికి వెళ్లేముందు హౌస్‌కీపింగ్ మేడమ్‌ని పిలిచి, "ఏం చేసినా చెయ్యండి, గోడని మాత్రం ఎవరూ ముట్టుకోకండి," అని గట్టిగా చెప్పింది.

హౌస్‌కీపింగ్ మేడమ్ మాటంటే మాటే. గోడకి అడ్డంగా రెండు కుర్చీలు వేసి తాడు కట్టించింది. తన మనుషులెవర్నీ దగ్గరికి పోనివ్వలేదు. ఆ తరవాత కంపెనీ రూలు ప్రకారం, పెద్దవాళ్లు వచ్చే గది ముందురోజు నుంచే చల్లగా ఉండాలి కనక, ఏసీని ఎంత తిప్పితే అంత తిప్పి, తలుపు వేసి, హాయిగా ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున శాంపిలక్క తలుపు తీయగానే ఫ్రిజ్ తెరిచినట్టు ముఖానికి చలి కొట్టింది. తలెత్తి చూస్తే గోడంతా పగుళ్లు. ఉడికిన గుడ్డుని చెంచాతో కొడితే పెంకు ఎలా చిట్లుతుందో అలా, వెంట్రుకవాసి గీతలు, పైనుంచి కిందిదాకా. ఆ మూల నుంచి ఈ మూల దాకా.

"మేము ముట్టుకోలేదు మేడమ్!" అంది హౌస్‌కీపింగ్ మేడమ్. "ఒట్టు. ఈగను కూడా వాలనివ్వలేదు."

"ఏసీ వేశారు."

"ఏసీ వెయ్యొద్దని మీరు చెప్పలేదు కదా మేడమ్."

చెప్పలేదు. సున్నం సంగతి ఎవరికి తెలుసని చెప్పకుండా వదిలేసింది? గదిలో గాలి కూడా గోడని ముట్టుకోవడమేనని హోటల్ వాళ్లకి ఎలా తెలుస్తుంది? మంచం అంచున కూర్చుంది. మంచం మీద కూర్చోకూడదని గుర్తొచ్చి లేచి, దుప్పటి ముడతలు సరిచేసింది. అలాంటప్పుడు కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

మేస్త్రి వచ్చి వేలి కణుపుతో గోడని తట్టాడు. మధ్యలో టక్కుటక్కుమంది. కుడివైపు మూలకి వచ్చేసరికి మాట మారింది, డబ్బుడబ్బుమంది.

"ఇక్కడ పూత గోడని వదిలేసిందక్కా. డొల్ల."

"ఎన్నాళ్లుంటుంది?"

"ఉన్నన్నాళ్లుంటుంది."

"నీకు దణ్ణం పెడతాను, సరిగ్గా చెప్పు."

"సరిగ్గా సున్నానికే తెలీదు, నేనేం చెప్పను? ఏడాది ఉండొచ్చు. ఎవరో తలుపు దబాల్న వేస్తే రేపే రావచ్చు."

లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పెద్దాయన, కాన్సెప్టు బాబు లోపలికొచ్చారు. క్షమించండి సర్, ఇంకో గది చేస్తాను, ఇంకొక్క నెల టైమివ్వండి... ఈ మాటలన్నీ నాలుక చివర పెట్టుకుని ఆమె నోరు తెరిచింది.

"ఓహ్," అన్నాడు కాన్సెప్టు బాబు. తాడు దాటి వెళ్లి గోడ మీద చెయ్యి వేశాడు. హౌస్‌కీపింగ్ మేడమ్ కళ్లు మూసుకుంది. "ఇదండీ! ఇదే నేను చెప్తున్నది. ఈ ఏజ్, ఈ పగుళ్లు. ఇవి చూస్తే గోడకి ఒక జ్ఞాపకం ఉన్నట్టు లేదూ? సర్, ఇది మెషీన్ చెయ్యలేదు."

పెద్దాయన వెనక్కి నడిచి, దూరంగా నిలబడి చూశాడు. "పగుళ్లు కావాలనే రప్పించారా అమ్మా?"

ఇల్లు, బ్యాంకు, గోడ మీది నల్లటి చార, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. మేస్త్రి ఆమె వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పాత పద్ధతి సర్," అంది.

"బావుంది. అన్ని గదులూ అచ్చం ఇలాగే ఉండాలి."

మెట్ల మీద మేస్త్రి అన్నాడు, "అక్కా, మీరు నోరు తెరిచారు, మళ్లీ మూశారు. నేను చూశాను."

"ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పొద్దు. నా కూలీ కూడా ఆ నోట్లోనే ఉంది."

ఒప్పందం కాగితంలో ఒక వాక్యం ఉంది. పనంతా ఆమోదించిన శాంపిల్ గదితో అన్నివిధాలా సరిపోవాలి. ఈ రంగంలో ఇదే రాజ్యాంగం. శాంపిల్ గది తలుపు మీద పెద్దాయన సంతకంతో చీటీ అంటించి తాళం వేశారు. ఆ క్షణం నుంచి ఆ పగుళ్లు తప్పు కావు, ప్రమాణం.

ఇక మేస్త్రికి నరకం మొదలైంది. బతుకంతా పగలకుండా చేయడం నేర్చుకున్న మనిషి పగిలేలా చేయాలి. ఏసీలు ఇంకా బిగించని గదుల్లో పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి చూశారు. ఒక గదిలో ఎండిన చెరువులా నెర్రెలు విచ్చాయి. ఇంకో గదిలో ఏమీ కాలేదు, గోడ నున్నగా, మొండిగా నిలబడింది. హీటర్లు తెచ్చారు. ఆఖరి పూతలో నీళ్లు పెంచారు. ఒక గోడ పొలుసులు పొలుసులుగా మేస్త్రి నెత్తినే రాలింది. కాన్సెప్టు బాబు ఫోన్లో శాంపిల్ ఫొటో పెట్టుకుని గది గదికీ తిరిగి, "ఊఁహూఁ, ఇది కాదు. ఇందులో ఆ సోల్ లేదు," అనేవాడు.

"సోల్ అంటే ఏంటక్కా? ఏ షాపులో దొరుకుద్ది?" అనేవాడు మేస్త్రి.

మొదట్లో నవ్వేవాళ్లు. తరవాత నవ్వడం మానేశారు. గీకి మళ్లీ పూసిన ప్రతి గోడకీ కూలి రెండుసార్లు పడుతోంది, సున్నం రెండుసార్లు పడుతోంది. హోటల్ తెరిచే తేదీ దాటితే రోజుకింత చొప్పున కోత. బ్యాంకు నుంచి మొదటి కాగితం మర్యాదగా వచ్చింది, రెండోది అంత మర్యాదగా లేదు. ఆమెకు అన్నం సయించడం లేదు. బస్సులో కూర్చుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయేది. ఒకరోజు ఎవరి ఇంటి ముందో నిలబడి ఆ గోడ పగులుని పరాకుగా చూస్తోంటే, ఇంటావిడ బయటికొచ్చి ఎవరు కావాలని అడిగింది. ఏం చెప్పాలో తెలీక పారిపోయినట్టు నడిచింది.

మొగుడి జోకులు తగ్గాయి. తరవాత పూర్తిగా ఆగిపోయాయి. అది ముందు కనిపెట్టింది అత్తగారే.

"అమ్మాయ్, వీడు ఈమధ్య ఒక్క జోకూ వెయ్యట్లేదు. ఇంట్లో ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు అత్తయ్యా."

"అయితే ఏదో పోతోంది," అని ముసలావిడ గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

దారి దొరికింది ఆమె మొదటి ఉద్యోగంలోంచి. యాదృచ్ఛికంగా జరిగినదాన్ని మళ్లీ జరిగించలేం, కానీ దాన్ని కాపీ చేయొచ్చు కదా! ఇంత చిన్న విషయం అన్నాళ్లూ తట్టలేదంటే, ఆమె కూడా లోలోపల ఆ పగుళ్లలో ఏదో మహత్తు ఉందని నమ్మడం మొదలుపెట్టిందన్నమాట. రికార్డు కోసమని చెప్పి శాంపిల్ గది తాళం అడిగింది. కాన్సెప్టు బాబు మురిసిపోయి ఇప్పించాడు. గోడంతటికీ పల్చటి ట్రేసింగ్ కాగితాలు అతికించి, సన్న పెన్సిల్‌తో ఒక్కొక్క పగులునూ దించుకుంది. తరవాత ఆ గీతల వెంబడి సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడిచింది. ఆ కాగితాన్ని కొత్త గోడకి అంటించి, పల్చటి గుడ్డమూటలో బొగ్గుపొడి పోసి పైనుంచి తడితే, చిల్లుల్లోంచి పొడి దిగి గోడ మీద చుక్కల దారి పడుతుంది. ఆ చుక్కల వెంట, గచ్చు ఇంకా పచ్చిగా ఉండగానే, సూదిమొనతో గీయాలి. గీతలో పల్చటి మసి పట్టించి, మళ్లీ గులకరాయితో ఒక్కసారి రుద్దాలి. అంతే.

మేస్త్రి మొదటి గోడ చేసి, వెనక్కి జరిగి చూశాడు. "గోడ బావుంది," అన్నాడు. "మనమే బాగాలేం."

కానీ ఆ రోజు నుంచి అతని భుజాలు దిగాయి. కింద గోడ గట్టిది. పైన గీత అబద్ధం. గట్టిగోడ మీద అబద్ధం ఎన్నాళ్లైనా ఉంటుంది. తడి పట్టాలు వేశారు, తలుపులు మూశారు, తీరిగ్గా ఆరనిచ్చారు. కాన్సెప్టు బాబు ఫొటో పట్టుకుని వచ్చాడు. ఒక గదిలో చూశాడు, పక్కగదిలో చూశాడు, పై అంతస్తులో చూశాడు. "పర్ఫెక్ట్! ఎగ్జాక్ట్‌గా అదే!" అన్నాడు. మనిషి చెయ్యి పెట్టకుండా దానంతటది వచ్చిన పగులు అన్ని గదుల్లోనూ మంచానికి కుడివైపు, ఒకే మలుపు తిరిగి, ఒకే చోట ఎందుకు ఆగిందని అడగలేదు. శాంపిల్‌తో సరిపోయిందా లేదా చూడడం అతని ఉద్యోగం. సరిపోయింది.

ట్రేసింగ్ తీస్తున్నప్పుడు ఆమె చెవి డొల్లమూలకి దగ్గరగా వెళ్లింది. పెన్సిల్ ఆనిస్తేనే లోపల ఖాళీ పలికింది. బయటికొచ్చి కాన్సెప్టు బాబుని అడిగింది, "ఈ ఒక్క గోడ మళ్లీ చేసిస్తాం. మా ఖర్చుతోనే."

"మేడమ్, ఇది ఒరిజినల్," అన్నాడతను, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఒరిజినల్‌ని ఎవరైనా మళ్లీ చేస్తారా?"

ఎందుకు చేయాలో చెప్పాలంటే అన్నీ చెప్పాలి. ఇంకోసారి అడిగితే అతను నొచ్చుకున్నాడు. మూడోసారి అడగలేదు.

హోటల్ తెరిచారు. ప్రతి మంచం పక్కనా ఒక కార్డు పెట్టారు: ఏడు తరాల గచ్చు కళాకారులు, ప్రకృతి గీసిన పగుళ్లు, ఏ రెండు గోడలూ ఒకేలా ఉండవు. మేస్త్రికి ఆమె చదివి వినిపిస్తే, "మా నాన్న చింపిన టిక్కెట్లు కూడా కలిపి లెక్కపెట్టినట్టున్నారు," అన్నాడు. మధ్యలో వచ్చిన డబ్బు వచ్చినట్టే కూలీలకీ సామానుకీ పోయింది. ఆఖరి బిల్లు పెద్దది. అందులోనే ఇల్లుంది. మేస్త్రి తన వాటాని ఆ బిల్లు వచ్చాకే తీసుకుంటానన్నాడు. బ్యాంకుకి వెళ్లి ఈ నెలాఖరు అని చెప్పివచ్చింది.

నెలాఖరుకి వారం ముందు, పొద్దున్నే, తాళం తీసి అద్దెకిస్తున్న శాంపిల్ గదిలో దిగినాయన టిఫినుకి కిందికి వెళ్తూ తలుపు వేసుకున్నాడు. కుడివైపు మూల, బల్లంత పెళ్ల, ఆయన అప్పటిదాకా తలపెట్టుకున్న దిండు మీద పడింది.

పెద్దాయన గదిలోకి ఆమెనూ మేస్త్రినీ పిలిచారు. కాన్సెప్టు బాబు ఉన్నాడు, హోటల్ ఇంజినీరున్నాడు. బల్లమీద పెళ్ల ముక్క ఒకటి పెట్టి ఉంది.

"పైవాడి దయ, మంచం మీద మనిషి లేడు," అన్నాడు పెద్దాయన. "శాంపిలే రాలిందంటే మిగతావన్నీ అలాంటివే. గదులన్నీ మూసేస్తున్నాం. గోడలన్నీ గీకించండి, మీ ఖర్చుతో. మూసినన్నాళ్ల నష్టం మీ బిల్లులోంచి పోతుంది. చాలకపోతే మీరు కట్టాలి."

ఆమె లెక్క వేయక్కర్లేదు. ఊరుకుంటే బిల్లు మొత్తం పోతుంది, ఇల్లు పోతుంది, పైగా మేస్త్రి చేసిన గట్టిగోడలన్నీ సుత్తిదెబ్బలు తింటాయి. నోరు తెరిస్తే ఏమవుతుందో తెలీదు. తెలీనిదాంట్లోనే కాస్త ఆశ ఉంది.

"మిగతావి రాలవు సర్," అంది.

"ఎలా చెప్తారు?"

"అవి పగల్లేదు సర్."

"పగల్లేదంటే? నేను చూశాను కదా."

"గీశాం సర్. సూదితో. ఆ ఒక్క గోడే నిజంగా పగిలింది. ఏసీ వేయడం వల్ల పగిలింది. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది."

కాన్సెప్టు బాబు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే... అవన్నీ ఫేకా?"

"గోడ మంచిదే బాబూ," అన్నాడు మేస్త్రి. "పగులొక్కటే ఫేకు."

పెద్దాయన ఇంజినీరుని పంపాడు. వాళ్లంతా కూర్చునే ఉన్నారు. ఎవరూ టీ ఇవ్వలేదు. ఇంజినీరు పై అంతస్తు నుంచి మొదలుపెట్టి గది గదికీ గోడలు తట్టి వచ్చి, "సర్, రాయిలా ఉన్నాయి. ఇంత గట్టి పూత నేను చూడలేదు," అన్నాడు.

"అయితే గీకక్కర్లేదు," అన్నాడు పెద్దాయన. "ఆ ఒక్క గది సంగతి మేం చూసుకుంటాం."

ఆమెకు ఊపిరి తిరిగింది. లేచి నిలబడి దణ్ణం పెట్టింది కూడా. తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి ఆయన గొంతు, కోపం లేకుండా, ఉల్లిపాయల గొంతుతోనే వినిపించింది: "బిల్లు మాత్రం మా లాయర్లు చూస్తారమ్మా."

లాయర్ల ఉత్తరం రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. చేసిన పని శాంపిల్‌తో సరిపోలేదు, ఎందుకంటే శాంపిల్లో పగుళ్లు సహజమైనవి, మిగతా గదుల్లోవి కృత్రిమమైనవి. కంపెనీ తన అతిథులకు అసత్యం చెప్పవలసి వచ్చింది. కనక చెల్లింపు నిలిపివేయడమైనది. అబద్ధం రాసిన కార్డు ఎవరు అచ్చు వేయించారన్న మాట ఉత్తరంలో లేదు. ఆమె ఒక లాయరు దగ్గరికి వెళ్లింది. ఆయన అన్నీ చదివి, "గెలుస్తారమ్మా," అన్నాడు. "ఓ ఏడెనిమిదేళ్లు పడుతుంది." తన ఫీజు ముందే ఇమ్మన్నాడు. ఆమె కాగితాలు సర్దుకుని లేచింది.

నిజం చెప్తే మనసు తేలికవుతుందని పుస్తకాల్లో రాస్తారు. ఆమెకి ఏ తేలికా తెలియలేదు. ముందే చెప్పి ఉంటే థాంక్స్ చెప్పి పంపేసేవాళ్లు, ఒక్క గది ఖర్చుతో పోయేది. అబద్ధాన్ని ఆఖరిదాకా మోసి ఉంటే ఇంకా ఏమయ్యేదో. నిజాన్ని మధ్యలో చెప్పింది. దాంతో మంచిపేరూ రాలేదు, డబ్బూ రాలేదు.

బ్యాంకువాళ్లు ఇల్లు తీసుకున్నారు. గొడవేమీ జరగలేదు. ఇద్దరు మనుషులు వచ్చి, చెప్పులు బయట విడిచి, మర్యాదగానే తాళం అడిగారు. ఊరి ఆ చివర రెండు గదుల అద్దె వాటా దొరికింది. సామాను చేర్చాక మొగుడు తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ముసలావిడ గుమ్మంలోనే ఆగి గోడ కోసం చెయ్యి చాచింది. చేతికి బీరువా తగిలింది. ఇటు చాచింది, కిటికీ ఊచలు తగిలాయి.

"అమ్మాయ్, వంటిల్లెటు?"

"ఇటు అత్తయ్యా. నేను తీసుకెళ్తాను."

"తీసుకెళ్లడం ఎందుకే, ఎటో చెప్పు చాలు."

చెప్పింది. నాలుగడుగులు వేసి మోకాలు బల్లకి కొట్టుకుంది. కొత్తలో రోజంతా అడిగేది, తలుపెటు, కుళాయెటు, వీధెటు. శాంపిలక్క గోడ పొడుగునా తాడు కట్టి చూసింది. అన్నిటికీ మధ్య బీరువా అడ్డం వస్తోంది, తీసి పెట్టడానికి ఇంకో చోటు లేదు. రెండుసార్లు పడ్డాక ముసలావిడ అడగడం మానేసింది. పొద్దున మంచం మీద కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. పిలిస్తే పలుకుతుంది. పిలవకపోతే లేదు.

"తిట్టొచ్చుగా అత్తయ్యా," అంది ఒకరోజు, ఉండబట్టలేక. "ఒక్కసారి గట్టిగా తిట్టండి."

"ఎటు తిరిగి తిట్టనే?" అంది ముసలావిడ. "నువ్వెక్కడున్నావో తెలీట్లేదు."

హోటల్‌లో గదులు దొరకడం లేదంటున్నారు. పడిపోయిన గోడ చోట వాల్‌పేపర్ అంటించారు. దానిమీద మిగతా గదుల పగుళ్ల ఫొటో అచ్చు వేయించారు. కార్డులు కార్డుల్లాగే ఉన్నాయి. ఒకనాడు కాన్సెప్టు బాబు ఫోన్ చేసి, వేరే ఊళ్లో ఇంకో హోటల్ వస్తోందని, ఆ ట్రేసింగులు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఎంతిస్తారని అడిగింది. "మీకు క్రెడిట్ ఇస్తాం మేడమ్," అన్నాడు. క్రెడిట్ వద్దు, డబ్బు కావాలంది. కనుక్కుని చెప్తానన్నాడు. ఆమె చాలా రోజులు ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంది. అతను మళ్లీ చేయలేదు.

ఇప్పుడు పళ్ల డాక్టర్ల పనే, అదీ అప్పుడప్పుడు. మేస్త్రి నెలకోసారి వచ్చి, గడపమీద కూర్చుని, టీ తాగి వెళ్తాడు. తన బాకీ అడిగితే ఆమె ఎదురు తిరిగి నాలుగు మాటలనొచ్చు, కానీ అతను అడగడు. వెళ్లేటప్పుడు చెప్పులు తొడుక్కోవడానికి కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాడు, అంతే.

హోటల్ కంపెనీ ఆమెకు ఇవ్వాల్సిన ఆఖరి బిల్లు ఇరవై రెండు లక్షలు. ఆమె మేస్త్రికి ఇవ్వాల్సింది రెండు లక్షల నలభై వేలు. ఈ నెలకి రెండూ బాకీనే.